బొమ్మ కారు నుంచి డయాలసిస్ యంత్రం దాకా: పేటెంట్ల రంగంలో ఉపాధి

పిల్లలు ఎక్కి నడిపే బ్యాటరీ కారులో సామాను తక్కువే. సీటు కింద 6 లేదా 12 వోల్టుల బ్యాటరీ, వెనక చక్రాల దగ్గర ఒకటో రెండో డీసీ మోటార్లు, వాటిని ఆనుకుని ప్లాస్టిక్ పళ్ల చక్రాల పెట్టె, కాలి కింద స్విచ్చి ఉంటాయి. అయినా ఈ చిన్న బండి మీద అమెరికా, చైనా, యూరప్ దేశాల్లో పేటెంట్లు బోలెడున్నాయి. రెండు 6 వోల్టుల బ్యాటరీలను సమాంతరంగా కలిపితే బండి నెమ్మదిగా, శ్రేణిలో కలిపితే వేగంగా కదులుతుంది. పెడల్ మీద నుంచి కాలు తీయగానే మోటారు రెండు కొసలూ ఒకదానితో ఒకటి కలిసేలా స్విచ్చిని అమరిస్తే, తిరుగుతున్న మోటారే జనరేటరుగా మారి తన వేగాన్ని తానే అణచుకుంటుంది. అందుకే నాలుగేళ్ల పిల్లవాడికి బ్రేకు వేయడం నేర్పనక్కర్లేదు. వేగం పెంచే మీటకు అడ్డంగా ఒక మర బిగించి, పెద్దవాళ్లు తీసేదాకా అది పనిచేయకుండా చూడటం ఇంకో ఏర్పాటు. ఇలాంటి ప్రతి ఏర్పాటూ ఒక ఇబ్బందికి జవాబు. ఆ జవాబు కొత్తదైతే దానికి పేటెంటు అడగవచ్చు.

బొమ్మే కదా అని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 1998 అక్టోబరులో అమెరికాలో తేలింది. వైర్లు, కనెక్టర్లు వేడెక్కి మంటలు వచ్చే ప్రమాదం ఉందని ఫిషర్ ప్రైస్ సంస్థ పవర్ వీల్స్ అనే తన పిల్లల బ్యాటరీ బండ్లను దాదాపు కోటిదాకా వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. మన దేశంలోనూ 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ నాణ్యతా ముద్ర తప్పనిసరి. కరెంటుతో, బ్యాటరీతో నడిచేవాటికి ప్రత్యేక ప్రమాణం ఉంది. అంటే బొమ్మను కనిపెట్టే ఇంజినీరుకే కాదు, దాన్ని పరీక్షించే ఇంజినీరుకూ ఇక్కడ పని ఉంది.

బొమ్మకూ వైద్య పరికరానికీ మధ్య దూరం అనుకున్నంత ఉండదు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో కోల్ గాలోవే అనే ఆచార్యుడు అంగడిలో దొరికే ఇదే బ్యాటరీ కారును తీసుకుని, నడవలేని పసిపిల్లలకు పనికొచ్చేలా మార్చే పద్ధతిని 'గో బేబీ గో' పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. కాలి పెడల్ తీసేసి, చేత్తో నొక్కే పెద్ద బటన్ పెట్టి, వీపుకు ఆసరా కట్టారు. వేల డాలర్ల కరెంటు వీల్‌చైర్ చేయాల్సిన పనిలో కొంత చవక బొమ్మ చేసి చూపించింది. డీన్ కేమెన్ దారి కూడా ఇలాంటిదే. రెండు చక్రాల సెగ్వే బండితో 2001లో లోకానికి తెలిసిన ఈయన, అంతకు చాలాముందే మందును కొలత ప్రకారం ఒంట్లోకి పంపే ఆటోసిరంజిని, 1993లో ఇంట్లోనే వాడుకోగల డయాలసిస్ యంత్రాన్ని రూపొందించారు. మోటారు, సెన్సరు, బ్యాటరీ గురించి గట్టిగా తెలిసినవాళ్లకు రెండు రంగాల తలుపులూ తెరిచే ఉంటాయి.

పేటెంటు అంటే ఒక ఆవిష్కరణను ఇతరులు అనుమతి లేకుండా తయారుచేయకుండా, అమ్మకుండా ఆపే హక్కు. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. మన దేశంలో దీనికి ఆధారం 1970 నాటి పేటెంట్ల చట్టం. మూడు పరీక్షలు దాటాలి: వస్తువు గానీ పద్ధతి గానీ లోకంలో ఎక్కడా ముందే వెల్లడై ఉండకూడదు, ఆ రంగం తెలిసిన మనిషికి ఇట్టే తట్టేది కాకూడదు, పరిశ్రమలో తయారీకి గానీ వాడకానికి గానీ పనికిరావాలి. ఆపరేషన్ చేసే కొత్త పద్ధతికి, చికిత్సా విధానానికి చట్టంలోని 3వ సెక్షన్ పేటెంటు ఇవ్వదు. ఆ ఆపరేషన్‌లో వాడే కొత్త పరికరానికి మాత్రం ఇస్తుంది. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకూ, తరతరాల సంప్రదాయ పరిజ్ఞానానికీ కూడా చోటు లేదు. ఎన్టీఆర్ జిల్లాలో పుట్టిన కొండపల్లి బొమ్మకు ఉన్నది పేటెంటు కాదు, భౌగోళిక గుర్తింపు. తెల్ల పొణికి కర్రతో ఆ బొమ్మ చేసే పనితనం ఒక ఊరి ఉమ్మడి సొత్తు కాబట్టి అదే సరైన రక్షణ. బొమ్మ కారు బయటి ఆకారానికైతే 2000 నాటి డిజైన్ల చట్టం కింద వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఏ సరుకుకు ఏ రక్షణ తగునో చెప్పగలగడమే ఈ వృత్తిలో సగం నేర్పు.

తెలుగువాళ్లలో పేటెంటు పొందిన ఆవిష్కర్తకు అందరికీ తెలిసిన ఉదాహరణ ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం. చీరకు నూలు ఆసు పోయడంలో చెయ్యి ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో చదువు ఆగిన ఆ నేత కార్మికుడు ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999 నాటికి యంత్రాన్ని పూర్తిచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. లక్ష్మీ ఆసు యంత్రానికి పేటెంటు దక్కింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వైద్య పరికరాల వైపు హైదరాబాదుకు గట్టి చరిత్రే ఉంది. 1990లలో హృద్రోగ నిపుణుడు బి.సోమరాజు, క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధరకు అందే కలాం-రాజు స్టెంటును తెచ్చారు. అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి మిశ్రమ పదార్థంతో నిమ్స్ ఆసుపత్రి పోలియో పిల్లలకు కాలి క్యాలిపర్లు చేయించింది. సుమారు 3 కిలోల బరువు 300 గ్రాములకు దిగిందని కలాం చాలా సభల్లో చెప్పేవారు. లోహాలు, మిశ్రమ పదార్థాలు చదివిన ఇంజినీరు, ఎముకల డాక్టరు ఒక బల్ల దగ్గర కూర్చుంటే అయిన పని అది.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు నియోజకవర్గంలోని ఎ.కొండూరు మండలానికి వైద్య పరికరాల విషయం మరీ దగ్గరిది. అక్కడి తండాలను కిడ్నీ వ్యాధి ఏళ్లుగా పీడిస్తోంది. ఇంట్లోనో పక్కింట్లోనో డయాలసిస్‌కు వెళ్లే మనిషిని చూస్తూ పెరిగిన పిల్లలు ఆ మండలంలో ఉన్నారు. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. యంత్రంలో శుద్ధి చేసే ద్రవం నిమిషానికి సుమారు 500 మిల్లీలీటర్ల చొప్పున పారుతుంది. అంటే ఒక రోగికి ఒక పూటకు దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. దాన్ని తయారుచేసే ఆర్వో ప్లాంటు వదిలేసే నీరు దీనికి అదనం. కరెంటు పోతే బ్యాకప్ బ్యాటరీ ఆదుకోవాలి. అదీ లేకపోతే రక్తం పంపును టెక్నీషియన్ చేత్తో తిప్పి, గొట్టాల్లోని రక్తాన్ని రోగికి తిరిగి ఎక్కిస్తాడు. చేతికి గుచ్చిన సూది జారినా కొన్నిసార్లు యంత్రం అలారం మోగదు. ఇలాంటి లోపాలన్నీ ఇంకా మెరుగైన జవాబు కోసం ఎదురుచూస్తున్నవే. మనుషులకు పనికొచ్చిన తొలి కృత్రిమ కిడ్నీ పుట్టిన తీరు కూడా తెలుసుకోదగ్గది. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే డాక్టరు సాసేజీలు చుట్టే సెల్లోఫేన్ గొట్టంతో దాన్ని తయారుచేశాడు. దాని సాయంతో తొలి రోగి బతికి బయటపడింది 1945లో.

కాబట్టి ఈ రంగంలో మొదటి మెట్టు డయాలసిస్ టెక్నీషియన్ కోర్సే కావచ్చు. ఇంటర్ బైపీసీ తర్వాత రెండేళ్ల డిప్లొమా, లేదా బీఎస్సీ చేస్తే ఉద్యోగం త్వరగా దొరుకుతుంది. యంత్రం పక్కన రోజూ నిలబడే ఆ మనిషికి కనిపించే లోపం, ప్రయోగశాలలో కూర్చున్న ఇంజినీరుకు కనిపించదు. అయితే టెక్నీషియన్లలో ఎక్కువమంది తాము చూసింది రాసి పెట్టుకోరు. తేదీతో, బొమ్మతో ఒక నోటు పుస్తకం నడపడం ఈ దారిలో మొదటి క్రమశిక్షణ.

ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లకు దగ్గరలోనే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతో సీటు, ఆరేళ్ల సమీకృత చదువు. అక్కడో, విజయవాడ, మైలవరం కళాశాలల్లోనో ఎలక్ట్రానిక్స్, మెకానికల్ చదివి వైద్య పరికరాల వైపు మళ్లవచ్చు. నేరుగా బయోమెడికల్ ఇంజినీరింగ్ చదవాలంటే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఐఐటీ హైదరాబాద్‌లో అవకాశం ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లోని ఆరోగ్య సంరక్షణ అంకుర కేంద్రంలో పెరిగిన ఏరోబయోసిస్ సంస్థ 2020లో జీవన్ లైట్ అనే చిన్న వెంటిలేటర్‌ను తెచ్చింది. రాష్ట్రంలో చూడాల్సిన చోటు విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్. 2016లో మొదలై సుమారు 270 ఎకరాల్లో విస్తరించిన ఈ పార్కులో తయారీ యూనిట్లు, పరీక్షా ప్రయోగశాలలు ఒకే ఆవరణలో ఉన్నాయి. కోవిడ్ సమయంలో వెంటిలేటర్లు, పరీక్ష కిట్లు ఇక్కడ తయారయ్యాయి.

పరికరం తయారయ్యాక అనుమతులు తేవడం వేరే వృత్తి, దాన్ని రెగ్యులేటరీ అఫైర్స్ అంటారు. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు ప్రమాదాన్ని బట్టి పరికరాలను ఎ నుంచి డి దాకా నాలుగు తరగతులు చేశాయి. నాలుక నొక్కి చూసే పుల్ల ఎ, గుండె కవాటం డి. బీఫార్మసీ, బయోటెక్నాలజీ చదివినవాళ్లు కూడా వైద్య పరికరాల నాణ్యతకు సంబంధించిన ఐఎస్ఓ 13485 ప్రమాణం నేర్చుకుని ఇందులోకి వస్తున్నారు.

అచ్చంగా పేటెంట్ల మీదే బతికే కొలువుల్లో ప్రభుత్వ ఉద్యోగం పేటెంట్లు, డిజైన్ల ఎగ్జామినర్‌ది. ఇంజినీరింగ్ డిగ్రీ లేదా నిర్ణీత సైన్సు సబ్జెక్టుల్లో పీజీ కావాలి. మూలవేతనం లెవెల్ 10, అంటే 56,100 రూపాయల నుంచి మొదలు. నియామకాలు ఏటా ఉండవు. 2023లో ఒకేసారి 553 పోస్టులకు ప్రకటన వచ్చింది. వచ్చిన దరఖాస్తును చదివి, అలాంటిది లోకంలో ముందే ఉందేమో వెతికి, అభ్యంతరాలతో తొలి పరీక్షా నివేదిక రాయడం ఈ అధికారి పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

సొంతంగా నిలబడాలనుకునేవాళ్లకు పేటెంట్ ఏజెంట్ వృత్తి మేలైనది. భారత పౌరసత్వం, 21 ఏళ్ల వయసు, సైన్సు లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే చాలు, లా చదవనక్కర్లేదు. పరీక్షలో రెండు పేపర్లు, మౌఖికం. చట్టం, నియమాల మీద ఒక పేపరు, దరఖాస్తు రాయించే పేపరు ఇంకొకటి. ఒక్కోదాంట్లో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. ఈ రెండో పేపర్లో క్లెయిములు రాయడం తెలియాలి. క్లెయిమ్ అంటే ఒకే వాక్యంలో ఆవిష్కరణకు సరిహద్దు గీయడం. 'పెడల్ వదలగానే మోటారు కొసలను కలిపే స్విచ్చి' అని రాస్తే రక్షణ విశాలం. 'ఎర్రరంగు ప్లాస్టిక్ పెడల్ వదలగానే' అని రాస్తే పక్కవాడు నీలం పెడల్ పెట్టి తప్పించుకుంటాడు. ఈ తేడా పట్టుబడటానికి గూగుల్ పేటెంట్స్‌లో, భారత పేటెంట్ కార్యాలయం ఉచిత శోధన వేదికలో బొమ్మ కార్ల పేటెంట్లు తెరిచి క్లెయిములను తెలుగులోకి విడదీసి రాసుకోవడం మంచి సాధన. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ అకాడమీ ప్రాథమిక ఆన్‌లైన్ కోర్సును ఉచితంగా అందిస్తోంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో దూరవిద్య డిప్లొమా ఉంది. సైన్సు చదివి, ఇంటి బాధ్యతల వల్ల ఉద్యోగానికి దూరమైన స్త్రీలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వైజ్-కిరణ్ కింద ఈ రంగంలో స్టైపెండుతో శిక్షణ ఇస్తోంది. దీని గురించి మన ప్రాంతంలో తెలిసినవాళ్లు తక్కువ, అది విచారించాల్సిన సంగతి.

సొంత ఆవిష్కరణ ఉన్న విద్యార్థికి ఖర్చు భయం అక్కర్లేదు. వ్యక్తులకు, అంకుర సంస్థలకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్షకు మరో 4,000. పెద్ద కంపెనీలకైతే ఇవి 8,000, 20,000. ముందు ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ తాత్కాలిక వివరణ, వేసి తేదీ దక్కించుకుని, 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వవచ్చు. 18 నెలలకు దరఖాస్తు బయటికి వస్తుంది. పరీక్ష కోసం విడిగా అడగాలి, అడగకపోతే దరఖాస్తు చచ్చిపోతుంది. అంకుర సంస్థలు, మహిళా దరఖాస్తుదారులు త్వరిత పరీక్ష కోరవచ్చు. పేటెంటు నిలవాలంటే దరఖాస్తు తేదీ నుంచి లెక్కేసి మూడో ఏటి నుంచి ఏటా రుసుము కట్టాలి. కళాశాల పేరు మీద దరఖాస్తు వేసినా ఆవిష్కర్త గడిలో విద్యార్థి పేరు ఉండి తీరాలి. సంతకం చేసేముందు ఆ కాగితం చదవాలి. బడి పిల్లల ఆలోచనలకు ఇన్‌స్పైర్ మానక్ పథకం 10,000 రూపాయలు ఇస్తుంది. ఎంపికైనవాటికి ముందు దారి చూపేది నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్. పల్లె ఆవిష్కర్తలను వెతికి ఆదుకునే పల్లె సృజన హైదరాబాదులో ఉంది. మంగళగిరిలో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది.

ఇన్ని అవకాశాలున్నా చాలా మంచి ఆలోచనలు పోయేది తొందరపాటు వల్ల. సైన్స్ ఫెయిర్‌లో ప్రదర్శించినా, యూట్యూబ్‌లో వీడియో పెట్టినా, పత్రికలో వార్త వచ్చినా అది లోకానికి వెల్లడైనట్టే, కొత్తదనం పోయినట్టే. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనల వంటి కొన్నింటికే 12 నెలల మినహాయింపు ఉంది. జిల్లా స్థాయి ఫెయిర్లకు అది సాధారణంగా వర్తించదు. ప్రొవిజనల్ దరఖాస్తు ప్రదర్శనకు ముందు రోజు దాఖలైనా చాలు, ఆ విద్యార్థి హక్కు నిలుస్తుంది.