తుపాను వేళ పలుకు తీగ

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు విద్యుత్తు నిలిచిపోయినది. ఫోనులు పెక్కుచోట్ల మూగవోయినవి. అట్టి తరుణమున అమెచ్యూరు రేడియో వారు, అనగా ‘హామ్‌’లు, సమాచారమును చేరవేయుటకు తోడ్పడిరి. బ్యాటరీపై నడచు వారి యంత్రమునకు ఏరియల్ ప్రాణము. దానిని ఇంటివద్దనే కట్టుకొనవచ్చును. అయితే పరీక్షలో ఉత్తీర్ణులై కేంద్ర ప్రభుత్వ లైసెన్సు పొందినవారే ప్రసారము చేయవలెను.

తీగ పొడవునకు లెక్క సులభము. 143ను మెగాహెర్ట్జ్ సంఖ్యచే భాగించినచో మొత్తము పొడవు మీటర్లలో వచ్చును. 7.1 మెగాహెర్ట్జ్‌కు సుమారు 20.1 మీటర్లు, 14.15 మెగాహెర్ట్జ్‌కు 10.1 మీటర్లు. ఒక్కొక్క తీగను నడుమకు రెండు సమభాగములు చేసి, ప్రతి భాగమును 25 సెంటీమీటర్లు అధికముగా ఉంచవలెను. కుడి భాగములు రెండింటిని కోయాక్సియల్ కేబులు లోపలి తీగకు, ఎడమ భాగములను పై అల్లికకు టంకముతో అతికి, నీరు చొరకుండ కప్పవలెను. చివరలను ఇన్సులేటర్లకు, నైలాను త్రాళ్లకు కట్టి, పొట్టి తీగ పొడవు తీగకు ఎడముగా వ్రేలాడునట్లు చూడవలెను. పొడవు తీగ 21 మెగాహెర్ట్జ్ బ్యాండునందును చాలవరకు పనిచేయును.

పిదప శ్రుతి చేయవలెను. స్వల్పశక్తితో ప్రసారము చేయుచు ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరులో నిష్పత్తి ఎచ్చట కనిష్ఠమగునో గుర్తింపవలెను. అది కోరిన సంఖ్యకు దిగువనున్నచో తీగ పొడవైనదని అర్థము. తొందరపడి కోయక, చివరలను మడచి చుట్టవలెను. 7 మెగాహెర్ట్జ్ తీగను ఇరువైపుల పది సెంటీమీటర్ల చొప్పున తగ్గించిన, సుమారు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగును. ముందు పొడవు తీగను, తరువాత పొట్టిదానిని సరిచేసి, మరల మొదటిదానిని చూడవలెను. ఒకదాని ప్రభావము వేరొకదానిపై ఉండును. నిష్పత్తి 1.5కు లోబడినచో మేలు.

కరెంటు తీగల సమీపమున దీనిని కట్టుట ప్రాణాపాయము. స్తంభము కూలినను వాటిని తాకనంత దూరముండవలెను. ప్రసారవేళ ఏరియల్ ఎవరి చేతికిని అందరాదు. ఉరుములు వినబడకమునుపే కేబులును యంత్రమునుండి విడదీయవలెను.

లైసెన్సుగల యువకులు గ్రామమునందున్నచో, పంచాయతీవారు పాఠశాల ఆవరణలో వారికి చోటు చూపి, తుపానుల ఋతువునకు ముందే ఏరియల్‌ను సరిచేయింపవలెను. గాలి ముదురకమునుపే దించి, చుట్టి, భద్రపరచినచో, గాలి తగ్గినంతనే మరల ఎత్తవచ్చును. ఊరు నీట చిక్కిన దినమున తీగ కొలుచుటకు వ్యవధి ఉండదు.