సంతకం పెట్టి రావడం కాదు, కలిసి ఆలోచించాలి
(ప్రత్యేక అవసరాలున్న బిడ్డల తల్లిదండ్రులకు)

మీ బిడ్డకు మాట ఆలస్యమైందా? బుద్ధి ఎదుగుదలలో, వినికిడిలో, చూపులో, నడకలో లోపం ఉందా? అలాంటి బిడ్డకు ప్రత్యేక ఉపాధ్యాయులు ‘వ్యక్తిగత విద్యా ప్రణాళిక’ రాస్తారు. బిడ్డ ఇప్పుడు ఏమి చేయగలడు, ఇక ఏమి నేర్చుకోవాలి, ఎవరు నేర్పాలి అన్నది అందులో ఉంటుంది. మన రాష్ట్రంలో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు ఇందుకు తోడ్పడతాయి.

చాలామంది తల్లిదండ్రులు పిలిస్తే వెళ్లి, చెప్పింది విని, సంతకం పెట్టి వచ్చేస్తారు. అలాగైతే బిడ్డ పేరు హాజరు పట్టీలో ఉంటుంది గాని చదువు సాగదు. పాఠం ఎలా చెప్పాలో టీచరుకు తెలుసు. బిడ్డ దేనికి భయపడతాడో, దేనికి సంతోషిస్తాడో మీకు తెలుసు. రెండూ కలవాలి.

వెళ్లేముందు:

1. వారం రోజులు బిడ్డను గమనించండి. తానే చేసేవి, సాయంతో చేసేవి, అసలు చేయలేనివి వేరువేరుగా రాయండి. మీకు రాయడం రాకపోతే ఇంట్లో చదువుకున్నవారి చేత రాయించండి.

2. వైకల్య ధ్రువపత్రం, ఆసుపత్రి రిపోర్టులు, మందుల చీటీ తీసుకెళ్లండి. మూర్ఛకు వాడే కొన్ని మాత్రలు మత్తు కలిగిస్తాయి. ఈ సంగతి తెలియకపోతే బిడ్డ బద్ధకస్తుడని టీచరు అనుకోవచ్చు. అలాగని మందు మానకండి, డాక్టరుకు చెప్పండి.

3. వెంకటగిరికోట ప్రాంతంలో ఇంట్లో తమిళం, కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు ఉన్నారు. బిడ్డకు ఏ భాష అర్థమవుతుందో తప్పక చెప్పండి. భాష తెలియకపోవడం వేరు, బుద్ధి లోపం వేరు.

సమావేశంలో:

1. లోపాలతో కాక, బిడ్డకు వచ్చిన పనులతో మాట మొదలుపెట్టండి.

2. ‘బాగా చదవాలి’ అన్నది గురి కాదు. ‘మూడు నెలల్లో అయిదు వస్తువుల పేర్లు చెబితే వాటిని చూపించాలి’ అన్నది గురి. ఇలాంటివి రెండు మూడు చాలు.

3. బడిలో ఎవరు నేర్పుతారు, ఇంట్లో ఎవరు చేయిస్తారు, మళ్లీ ఎప్పుడు కలవాలి అన్నవి రాయించి, నకలు అడిగి తీసుకోండి.

4. అర్థం కాని మాట ఉంటే వెంటనే అడగండి. ఒప్పుకోలేకపోతే కోపగించుకోవద్దు, మౌనంగానూ ఉండొద్దు. “సార్, ఇంట్లో వాడు ఈ పని చేస్తున్నాడు, ఒకసారి చూడండి” అని చెప్పండి.

ఇది ఎవరి దయా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యమున్న బిడ్డకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. తీవ్ర వైకల్యం ఉన్నవారు ఇంటి వద్దనే చదువు కోరుకునే వీలును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇచ్చింది.

అనుకున్న గడువుకు గురి చేరకపోతే బిడ్డను నిందించకండి. గురిని ఇంకా చిన్న మెట్లుగా విడగొట్టమని అడగండి. తన పళ్లెం తానే కడుక్కోవడం నేర్చినా అది చదువే. ఆ సంగతి మీరు చెబితేనే టీచరుకు తెలుస్తుంది.