వంటింటి విద్యుత్ ఘటం

హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనం కూడలి విద్యార్థిలోకానికి చిరపరిచితం. కంప్యూటరు శిక్షణ కోసం, ఉద్యోగ పరీక్షల కోసం నలుమూలల నుంచి వచ్చిన యువకులు అక్కడి సందులలోని వసతిగృహాలలో నివసిస్తుంటారు. అమీర్‌పేట నుంచి పంజగుట్ట మీదుగా 2018 సెప్టెంబరులో ప్రారంభమైన మెట్రో రైళ్లు 25 వేల వోల్టుల విద్యుత్తుతో నడుస్తాయి. నిత్యం ఆ రైళ్లను చూసేవారిలో ఒక్క వోల్టునైనా తమ చేతులతో పుట్టించినవారు ఎందరు? ఓమ్ నియమాన్ని కంఠస్థం చేసినవారు మాత్రం వేలకొలది ఉన్నారు.

అందుకు కావలసిన సామగ్రి స్వల్పం. ఒక నిమ్మపండు, ఒక రాగితీగ ముక్క, జింకు పూత గల ఒక ఇనుప మేకు చాలు. రాగికి బదులు నేటి రూపాయి నాణేన్ని గుచ్చి నిరాశపడేవారు కొందరున్నారు. అది స్టెయిన్‌లెస్ ఉక్కు నాణెమని వారు గమనించరు. తీగను, మేకును ఒకదానికొకటి తగలకుండా పండులో గుచ్చి మల్టీమీటరుతో కొలిస్తే సుమారు 0.9 వోల్టు కనిపిస్తుంది.

ఈ విద్యుత్తు నిమ్మపండులో దాగి ఉన్నదని చాలామంది భ్రమ. నిజానికి శక్తి జింకుది. జింకు పరమాణువులు ఎలక్ట్రాన్లను విడిచి రసంలో కరుగుతాయి. ఆ ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా రాగిని చేరి, అక్కడ ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లతో కలుస్తాయి. పండు కేవలం వాహక మాధ్యమం. కనుకనే చింతపండు పులుసు, ఉప్పునీరు కూడా ఆ పని చేయగలవు. 1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా ఉప్పునీటిలో తడిపిన గుడ్డలను లోహపు బిళ్లల నడుమ పేర్చి తొలి ఘటమాలను నిర్మించాడు. ఆయనతో వాదించిన గాల్వానీ పేరు ఆ జింకు పూతకే దక్కింది; గాల్వనైజ్డ్ మేకు అంటే అదే.

మూడు నాలుగు పండ్లను శ్రేణిలో కలిపితే ఎర్రని ఎల్‌.ఇ.డి. మసకగా వెలుగుతుంది. దాని పొడవైన కాడను రాగి వైపు కలపాలి. పాత టార్చి బల్బు మాత్రం వెలగదు. దానికి 300 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఒక్కో పండు ఒక మిల్లీ ఆంపియరు ఇవ్వడమే గగనం. మూడేసి పండ్ల వరుసలు మూడు వందలు సమాంతరంగా కలపాలి. అంటే తొమ్మిది వందల పండ్లు! లోపలి నిరోధమే ఇందుకు ముఖ్య కారణం. బంగాళాదుంపను ఎనిమిది నిమిషాలు ఉడికిస్తే ఆ నిరోధం బాగా తగ్గి, శక్తి పది రెట్ల వరకు పెరుగుతుందని 2010లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు.

ఘటంతో ఆగనక్కరలేదు. కాగితంపై పెన్సిలుతో దట్టంగా గీసిన గీత నిరోధకం. గీత పొడవు పెరిగితే నిరోధమూ పెరుగుతుంది. రెండు అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ కాగితం ఉంచితే కెపాసిటర్. గలీనా అనే సీసపు ఖనిజంతో రేడియో తరంగాలను పసిగట్టే పరికరానికి జగదీశ్ చంద్ర బోస్ 1904లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ ఖనిజం నేలలో దొరికే రాయే.

స్వయంగా నిర్మించాలన్న ఈ పట్టుదలకు తెలుగునేలపై గొప్ప ఉదాహరణ అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన ఆయన, 1956లో పనిచేయనారంభించిన అప్సర అణు రియాక్టరు నియంత్రణ పరికరాలను స్వదేశంలోనే రూపొందించిన బృందానికి నాయకుడు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నెలకొల్పి, దానిని తీర్చిదిద్దాడు.

అయితే ఉత్సాహానికి హద్దు అవసరం. గోడలోని 230 వోల్టుల ప్లగ్గుకు ఈ పరికరాలను కలపరాదు. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీని విప్పరాదు. లిథియం ఘటం చిల్లిపడితే క్షణాలలో మండుతుంది. ప్రయోగానికి వాడిన నిమ్మపండులో జింకు లవణాలు కరిగి ఉంటాయి కనుక దానిని షర్బత్తుకు వాడక, పారవేయాలి.