కొత్త కొలువు, పాత జీతం

చెల్లెమ్మలూ, ఇవాళ జీతాల సంగతి మాట్లాడుకుందాం. ఆడవాళ్ల వయసు, మగవాళ్ల జీతం అడగకూడదని మనకి చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఇప్పుడు ఆడపిల్లలూ జీతాలు తెస్తున్నారు. అడగకుండా ఊరుకోవడం వల్ల ఎవరికి లాభమో ఒకసారి చూద్దాం.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇంజినీరింగ్ ముగించి సాఫ్ట్‌వేర్‌లో చేరిన అమ్మాయి ఉండే ఉంటుంది. క్యాంపస్ సెలక్షన్ అనగానే స్వీట్లు పంచుతాం. ఆర్నెల్లు తిరిగేసరికి, అంత పోసి చదివిస్తే ఇంటికి ఐదు వేలు కూడా పంపదేమని తల్లి నొచ్చుకుంటుంది. ఖర్చు మీద అదుపు లేదని తండ్రి కసురుతాడు. ఆ పిల్ల ఏం చెబుతుంది పాపం? మూడున్నర లక్షల ప్యాకేజీ అంటే కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ పే అన్నీ అందులోనే కలిపి చెబుతారు. నెలకి చేతికొచ్చేది పాతిక వేలు, కాస్త అటూ ఇటూ. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో హాస్టల్, రానూపోనూ ఖర్చు, చదువుకి తీసుకున్న బ్యాంకు అప్పు వాయిదా పోను మిగిలేదెంత?

2012 ప్రాంతంలో పెద్ద ఐటీ కంపెనీలు కొత్తవాళ్లకి ఇచ్చింది ఏడాదికి మూడుంపావు లక్షలు. ఇప్పుడిస్తున్నది మూడున్నర, మహా అయితే ఓ పది వేలు ఎక్కువ. కోడింగ్ పరీక్షల్లో బాగా పైకొచ్చిన కొందరికి ఏడు లక్షలు, ఆపైన కూడా ఇస్తున్నారు, నిజమే. కానీ వేల మందిని ఒక్కసారే తీసుకునే మామూలు ఉద్యోగం జీతం మాత్రం అక్కడే ఆగిపోయింది. ధరలు ఆగాయా? ప్రభుత్వ వినియోగదారుల ధరల సూచీ 2012లో 100 ఉంటే 2024 చివరికి 190 దాటింది. అంటే అప్పటి మూడుంపావు లక్షలు ఇప్పటి ఆరు లక్షలకు పైమాటే. అప్పట్లో చేరిన పెద్దక్క కూతురు మొదటి జీతంతో కొనుక్కోగలిగినవన్నీ, నిన్నగాక మొన్న చేరిన చిన్నక్క కూతురు కొనుక్కోలేదు. ఇద్దరిదీ అదే చదువు, అదే పని. చిన్నపిల్ల తెలివిలో తగ్గిందా? లేదు.

ఇప్పుడు పైవాళ్ల సంగతి. ఇన్ఫోసిస్ సీఈఓ సలీల్ పరేఖ్ 2023-24లో అందుకున్నది 66.25 కోట్లు. మరుసటి ఏడు 80.62 కోట్లు. ఒక్క ఏడాదిలో 22 శాతం పెరిగింది. హెచ్‌సీఎల్ టెక్ సీఈఓ విజయకుమార్‌కి 2023-24లో 84.16 కోట్లు. మూడు లక్షల అరవై వేలు తెచ్చుకునే పిల్ల ఆ 80 కోట్లు సంపాదించాలంటే 2,200 ఏళ్లకు పైగా పనిచేయాలి. లెక్క వేసి చూసుకున్నాక నాకు మనసు మనసులో లేదు.

"అంత పెద్ద కంపెనీ నడుపుతున్నారు కదక్కా, పైగా అందులో సగానికి పైగా షేర్లే కదా" అంటారు కొందరు. షేర్లే, కాదనను. మరి ఆ షేరు ధర పెరగడంలో, అమెరికా క్లయింటు పగటి వేళకి తగ్గట్టు అర్ధరాత్రి దాకా మేలుకున్న పిల్లల చెమట లేదా? అసలు కిటుకు కొలతలో ఉంది. పైవాళ్ల జీతం నిర్ణయించేటప్పుడు అమెరికా సీఈఓలతో పోల్చి చూస్తారు. మన పిల్లల జీతం నిర్ణయించేటప్పుడు మాత్రం, కళాశాలల నుంచి ఏటా బయటికొచ్చే లక్షల మందిని చూపించి "ఇంతకే వచ్చేవాళ్లు బోలెడంతమంది" అంటారు. ఆ అమెరికా కొలతైనా సవ్యమైనదా? అక్కడి ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 1965లో పెద్ద కంపెనీల సీఈఓలు మామూలు ఉద్యోగి కన్నా 21 రెట్లు అందుకునేవారు. 2023కి అది 290 రెట్లు.

ఇది ఏ ఎర్రజెండా పార్టీ వాళ్లో అంటున్న మాట కాదు. పెద్ద కంపెనీలు కూడబలుక్కుని కొత్తవాళ్ల జీతాలు పెంచడం లేదని 2018లో అన్నది ఇన్ఫోసిస్‌లోనే ఆర్థిక వ్యవహారాలు చూసిన మోహన్‌దాస్ పాయ్. కింది ఉద్యోగులకి ఆరు నుంచి ఎనిమిది శాతం పెంచి, పైన ఒక్కరికి అరవై, డెబ్బై శాతం పెంచడం సరికాదని 2017లో బాహాటంగా చెప్పింది ఆ సంస్థ స్థాపకుడు నారాయణమూర్తే. అయినా వాటాదారుల ఓటులో ఆ పెంపు తీర్మానం నెగ్గింది.

కంపెనీల దగ్గర డబ్బు లేదా అంటే, కేంద్రం విడుదల చేసిన 2024-25 ఆర్థిక సర్వేనే చెప్పింది: 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగాయి, ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం.

మనం ఏం చేయగలమంటారా? ఇంట్లో జీతం మాట దాచుకోకండి. అక్కచెల్లెళ్లు, స్నేహితురాళ్లు ఎవరికెంత ఇస్తున్నారో చెప్పుకుంటేనే బేరమాడే ధైర్యం వస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం, లిస్టయిన ప్రతి కంపెనీ తన డైరెక్టర్ల జీతం, వరుసలో సరిగ్గా నడిమధ్య నిలిచే ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో వార్షిక నివేదికలో చెప్పి తీరాలి. 2024-25కి ఇన్ఫోసిస్ సీఈఓ దగ్గర ఉన్న అంకె 752. మీ అమ్మాయి కంపెనీది ఎంతో ఆమెనే వెతికి చూడమనండి.

ఇంకో సంగతి. ఈపీఎఫ్ సంస్థ 2015 నుంచి మన పీఎఫ్ డబ్బులో కొంత నిఫ్టీ, సెన్సెక్స్ ఫండ్లలో పెడుతోంది. మీలో చాలామంది మ్యూచువల్ ఫండ్లలో సిప్‌లు కూడా కడుతున్నారు. అంటే ఆ కంపెనీల్లో మనకీ వాటా ఉంది. ఏ తీర్మానానికి ఎటు ఓటేశాయో మ్యూచువల్ ఫండ్లు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి, చదివి వాళ్లని నిలదీస్తూ మెయిల్ రాయండి. మీ పేరునే పది షేర్లున్నా, ఓటు లింకు మీ మెయిల్‌కే వస్తుంది. పైవాళ్ల జీతం పెంచే తీర్మానం కనపడితే ఆ మెయిల్‌ని తుడిచేయకండి తల్లీ, తెరిచి ఓటు వేయండి.