మిగిలిన ఆరవ సీసా

సమస్య: అయ్యా, మాది అద్దంకి దాపున ఒక గ్రామము. ఈ 2021 మే నెలలో మా వారు కరోనాతో గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రియందుండగా, రెమ్డెసివిర్ ఎక్కడను దొరకక, మా ఆడపడుచు కొడుకు తెచ్చియిచ్చెదననగా, కోల్డుస్టోరేజీలోని తేజ మిర్చి టిక్కీలను వచ్చిన ధరకు తెగనమ్మి, ఆరు సీసాలకు లక్షా ఎనుబదివేలు ఫోనులో పంపితిని. అయిదు ఎక్కించిరి; ఆరవది మిగిలియుండగనే ఆయన గతించిరి. మొన్న ఆ సీసాపై చీటీ అంచును గోటితో గీకగా, అడుగున వేరొక మందు చీటీ బయటపడినది. నా తొందరపాటే ఆయనను బలిగొన్నదా? కేసు పెట్టినచో ఇంటిపరువు వీధిన పడునని మామగారు వారించుచున్నారు. ఏమి చేయుదును?
— ఒక సోదరి

సలహా: అమ్మా, మీ నిద్రను హరించుచున్న ప్రశ్నకు మొదట బదులు చెప్పెదను. రెమ్డెసివిర్ మరణములను తగ్గించినట్లు తన విస్తృత పరీక్షలలో కానరాలేదని 2020 అక్టోబరులోనే తెలిపిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, నవంబరులో ఆసుపత్రి రోగులకు దానిని వాడవలదనియు సూచించినది. కావున అసలు మందే దొరకియున్నను ఆయన బ్రతికెడివారని ఎవరును చెప్పజాలరు. ఆ సీసాలలో ఏమున్నదో పరీక్షయే తేల్చవలెను. గ్లూకోజును ఉప్పును కలిపి రెమ్డెసివిర్ పేరుతో నింపిన ముఠా ఈ మే నెలలోనే గుజరాతులో పట్టుబడినది. ఏప్రిలులో కేంద్రము కలుగజేసుకొని తగ్గింపజేసిన ధరలలో అత్యధికమైనది 3,490 రూపాయలు కాగా, మీవద్ద సీసాకు ముప్పదివేలు గుంజిరి. భర్త ప్రాణము కొట్టుమిట్టాడుచుండగా ఏ యిల్లాలును బేరమాడదని యెరిగి చేసిన ఘోరమిది. పాపము వారిది, మీది కాదు.

ఆ సీసాను తెరవవలదు, చీటీని ఇక కదపవలదు. డబ్బు పంపిన వివరములను, కేసుషీటు నకలును జతపరచి, పోలీసులకును డ్రగ్ ఇన్‌స్పెక్టరుకును ఫిర్యాదు వ్రాయుడు. సీసా అప్పగించునపుడు రసీదు పుచ్చుకొనుడు. నకిలీమందు అమ్ముట 1940 నాటి ఔషధ చట్టము క్రింద కఠినశిక్షార్హము. సొమ్ముకై ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును; అయిదు లక్షలవరకు రుసుము లేదు, గడువు రెండేండ్లు.

కొడుకును పోగొట్టుకొన్న మీ మామగారికి, కూతురి బిడ్డనైనను కాపాడుకొనవలెనను తపన సహజమే; దానిని నేను నిందింపజాలను. ఆ కుఱ్ఱవాడును మోసపోయినవాడే కావచ్చును. పెద్దలయెదుట పిలిచి, ఎవరివద్ద కొన్నాడో అడుగుడు: చెప్పెనా, సాక్షియగును, దాచెనా, బంధుత్వమును తెంచుకొన్నవాడతడే. ఈ జవాబును మామగారికి చదివి వినిపింపుడు. మీరు మిన్నకున్నచో ఈ సీసాలనమ్మిన ముఠా మరియొక యింటి గడప త్రొక్కును గనుక, ఆలసింపక ఈ వారమే ఆయనను వెంటబెట్టుకొని స్టేషనుకు వెళ్ళుడు.