తెల్లదోమ వచ్చింది, మందారం వాడింది

బేతంచెర్ల అనగానే రాయి గుర్తొస్తుంది. ఊరి చుట్టూ రాతి గనులు. రాళ్లు కోసే ఫ్యాక్టరీలు. పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. ఎందరో అక్కచెల్లెళ్లు అక్కడ కూలి పని చేస్తారు. పొద్దు గూకినాక ఇంటికి వస్తారు. అయినా ఇంటి ముందు నాలుగు పూలచెట్లు పెంచుకుంటారు. మందారం, మల్లె, కనకాంబరం, గులాబీ. పూలు తలలోకి, దేవుడి పటానికి పనికొస్తాయి. మిగిలితే మూర కట్టి అమ్ముకోవచ్చు.

ఆ చెట్లకు ఒక శత్రువు ఉంది. దాని పేరు తెల్లదోమ.

దుమ్మా? దోమా?

మన ఊళ్లో ఆకుల మీద తెల్లని రాతి దుమ్ము పడుతుంది. తెల్లదోమ కూడా తెల్లగానే ఉంటుంది. తేడా ఎట్లా తెలుస్తుంది?

కొమ్మను మెల్లగా కదిలించండి. దుమ్ము అయితే కింద రాలుతుంది. దోమ అయితే పైకి లేస్తుంది. కాసేపు ఎగిరి, మళ్లీ ఆకు కిందకే చేరుతుంది.

దుమ్ము ఆకు పైన ఉంటుంది. దోమ ఆకు అడుగున ఉంటుంది. అందుకే ఆకును తిప్పి చూడాలి.

తెల్లదోమ ఏం చేస్తుంది?

ఇది నువ్వు గింజ కన్నా చిన్నది. మనుషుల్ని కుట్టదు. చెట్టు రసం పీలుస్తుంది. ఆకు అడుగున గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి పిల్ల పురుగు వస్తుంది. అది కొంచెం నడిచి, ఒకచోట అతుక్కుంటుంది. అక్కడే రసం తాగుతూ పెరుగుతుంది. ఎండాకాలంలో మూడు నాలుగు వారాలకే రెక్కల దోమ అవుతుంది. అది మళ్లీ గుడ్లు పెడుతుంది.

రసం పోయిన ఆకు పసుపు పడుతుంది. రాలిపోతుంది. మొగ్గ సరిగా విచ్చదు.

ఈ పురుగు తియ్యటి జిగురు వదులుతుంది. ఆ జిగురు కోసం చీమలు వస్తాయి. జిగురు మీద నల్లటి బూజు పడుతుంది. ఆకు మసి పూసినట్టు అవుతుంది. నల్లబడిన ఆకుకు ఎండ తగలదు. చెట్టు నీరసిస్తుంది.

పెరట్లో బెండ, టమాటా ఉంటే ఇంకా జాగ్రత్త. తెల్లదోమ ఒక మొక్క జబ్బును ఇంకో మొక్కకు అంటిస్తుంది. బెండకు పల్లాకు తెగులు ఇట్లాగే వస్తుంది. ఆకు ఈనెలు పసుపు పడతాయి. కాయ కూడా తెల్లబడుతుంది. ఈ తెగులుకు మందు లేదు. ఆ మొక్కను పీకేయాలి.

వదిన, మరదలు మాట్లాడుకున్నారు

"వదినా, మా మందారం చూస్తివా? ఆకులన్నీ జిగురు పట్టె."

"చూస్తిని. తెల్లదోమ పట్టింది. ఏమన్నా కొడితివా?"

"లేదు. చేనికి తెచ్చిన పత్తి మందు కొంచెం మిగిలింది. రేపు పొద్దున అది కొడదామనుకుంటి."

"వద్దమ్మా! ఆ పూలు పాప తలలో పెడతావు. పిల్లోళ్లు ఆ చెట్టు కిందే ఆడుకుంటారు. అది విషం కదా."

"మరి పురుగు ఎట్లా పోతుంది?"

"మందు కొడితే పురుగును తినే పురుగులు ముందు చస్తాయి. తెల్లదోమ ఆకు కింద దాక్కుంటుంది. మిగిలిన దోమ రెట్టింపు అవుతుంది."

వదిన చెప్పింది నిజం. ఈ సంగతి మన రాష్ట్రంలో పత్తి రైతులు ఎంతో నష్టపోయి తెలుసుకున్నారు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలకు తెల్లదోమ పట్టింది. రైతులు మందు మీద మందు కొట్టారు. దోమను తినే పురుగులు చచ్చాయి. దోమ ఇంకా పెరిగింది. పంట పోయింది. అప్పు మిగిలింది. 1987-88లో కొందరు రైతులు ప్రాణాలే తీసుకున్నారు.

ఇట్లా చేయండి

1. కడగండి. పొద్దున్నే ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి. పురుగు, జిగురు, దుమ్ము అన్నీ పోతాయి. నీళ్లకు కరువు ఉంటే తడిగుడ్డతో తుడవండి.

2. తుంచండి. పురుగు బాగా పట్టిన ఆకుల్ని కోయండి. పక్కన పారేయొద్దు. సంచిలో మూటకట్టి దూరంగా గుంత తీసి పూడ్చండి.

3. పసుపు రంగు ఎర పెట్టండి. తెల్లదోమకు పసుపు రంగు ఇష్టం. పాత రేకుకు పసుపు రంగు వేయండి. ఆరినాక ఆముదం పూయండి. చెట్టు ఎత్తులో కట్టండి. దోమ వచ్చి అంటుకుంటుంది. రెండు మూడు దినాలకు ఒకసారి తుడిచి, మళ్లీ ఆముదం పూయండి.

4. వేప కషాయం చల్లండి. ఎండాకాలం చివర వేపపండ్లు రాలతాయి. గింజలు ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టి దాచుకోండి. కావలసినప్పుడు పైపెచ్చు తీసి, పప్పు దంచండి. 50 గ్రాముల పొడిని 1 లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున పలుచని గుడ్డతో వడగట్టండి. చిటికెడు సబ్బు పొడి కలపండి. సబ్బు ఎక్కువైతే ఆకు మాడుతుంది. ముందు ఒక్క కొమ్మ మీద చల్లి చూడండి. మరునాటికి ఆకు బాగుంటే, సాయంత్రం పూట చెట్టంతా చల్లండి. ఆకు అడుగు తడవాలి. వారానికి ఒకసారి, మూడు వారాలు చల్లండి. ఒక్కసారి చల్లి ఆపితే గుడ్లు పొదిగి మళ్లీ దోమ వస్తుంది.

5. యూరియా ఎక్కువ వేయొద్దు. ఆకు మెత్తగా, ఏపుగా పెరుగుతుంది. అది పురుగుకు విందు. మాగిన పశువుల ఎరువు మేలు.

మన చుట్టాలు

సాలెపురుగును చంపొద్దు. అక్షింతల పురుగును చంపొద్దు. ఇవి చెట్టును పాడుచేయవు. చెట్టును పాడుచేసే పురుగుల్ని తింటాయి.

2016లో మన దేశంలోకి ఒక కొత్త రకం తెల్లదోమ వచ్చింది. తమిళనాడులో కొబ్బరి చెట్ల మీద కనిపించింది. తర్వాత మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకూ పాకింది. అప్పుడు కూడా శాస్త్రవేత్తలు రైతులకు ఒకటే చెప్పారు. విషపు మందులు కొట్టొద్దు, మేలు చేసే పురుగుల్ని బతకనీయండి అన్నారు.

డబ్బా మీద చదవండి

ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఇంట్లో చేని మందు డబ్బా ఉంటే దాని మీద చదవండి. పలక ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది.

ఎరుపు – అన్నిటికన్నా ఎక్కువ విషం.
పసుపు – దాని తర్వాత.
నీలం – ఇంకొంచెం తక్కువ.
ఆకుపచ్చ – అన్నిటికన్నా తక్కువ. అయినా విషమే.

మందును నీళ్ల సీసాలో పోసి పెట్టొద్దు. పిల్లలకు అందేచోట ఉంచొద్దు. ఎవరైనా పొరపాటున తాగితే వెంటనే 108కి ఫోన్ చేయండి. డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకుపోండి. ఏ మందో డాక్టరుకు తెలియాలి.

చెప్పండి

1. ఆకు మీద ఉన్నది దుమ్మో, దోమో ఎట్లా తెలుసుకుంటారు?
2. ఆకులు నల్లగా ఎందుకు అవుతాయి?
3. పత్తి మందు పూలచెట్టుకు ఎందుకు కొట్టొద్దు?

లెక్క చేయండి

1 లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపపప్పు పొడి. 5 లీటర్లకు ఎన్ని గ్రాములు?

చేసి చూడండి

రేపు పొద్దున మీ పూలచెట్టు ఆకులు పది తిప్పి చూడండి. ఎన్ని ఆకులకు తెల్లదోమ ఉందో నోటుబుక్కులో రాయండి. వేప కషాయం చల్లిన వారానికి మళ్లీ పది ఆకులు చూసి రాయండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, మీ పక్కింటి వాళ్లకు చదివి వినిపించండి.