రెండు కొండల నడుమ బాట

చిలకలూరిపేట చుట్టును గల భూమి నల్లరేగడి. ప్రత్తి, మిరప, పొగాకు పండు సమతలము. ఎటు చూచినను చేలు, చేల చివర ఆకాశము. అట్టి చోట పుట్టి పెరిగిన బాలబాలికలకు కొండదారి యనిన ఎంతయో కుతూహలము. పుస్తకములలో ఆల్ప్స్ పర్వతముల చిత్రములను చూచి, అచట ఒక కొండయూరినుండి మరియొక కొండయూరికి మోటారులో పోవువారు ఎంత అదృష్టవంతులో యని వారనుకొందురు. కాని ఇంటి ముంగిట బయలుదేరి ఒక పగటిలోనే ముగింపదగిన కొండబాట పేటవారికిని కలదు. దాని మొదట కోటప్పకొండ, చివర శ్రీశైలము.

కోటప్పకొండ పేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, నరసరావుపేటకు పోవు దిక్కున నున్నది. మూడు శిఖరములు గలది గనుక దీనికి త్రికూటాద్రి యని పేరు. మహాశివరాత్రికి చుట్టుప్రక్కల గ్రామములవారు ఎత్తైన ప్రభలు కట్టి ఇచటికి తెత్తురు. ఈ కొండమీద కాకులు వ్రాలవని చెప్పుకొందురు. చూచి నిర్ణయించుకొను పని పిల్లలదే. కొండపైవరకు బండ్లు పోవు ఘాటురోడ్డు కలదు. నల్లమలకు పోవు బండికి, అందలి ప్రయాణికులకును ఇది చిన్న పరీక్ష. ఇచటి మలుపులలోనే కడుపు త్రిప్పినవారు ముందటి సీట్లకు మారి, దూరముగా బాటవైపు చూచుచు కూర్చుండుట మేలు.

కోటప్పకొండ మీదుగా పోయినచో పేటనుండి శ్రీశైలమునకు దారి సుమారు 200 కిలోమీటర్లు. పటముమీద ఇది ఒక్క గీతవలె కనబడును గాని, బండికి ఇది రెండు దారులు. నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకము, ఎర్రగొండపాలెము మీదుగా దోర్నాల వరకు గల సుమారు 150 కిలోమీటర్లు చాలవరకు చదునైన నేల. దోర్నాలనుండి శ్రీశైలము వరకు గల సుమారు 50 కిలోమీటర్లు నల్లమల అడవి, ఎత్తుపల్లములు, మలుపులు. మొదటి భాగమున గంటకు 50 కిలోమీటర్ల చొప్పున 3 గంటలు పట్టును. రెండవ భాగమున గంటకు 25 కిలోమీటర్లకు మించి లెక్కవేయరాదు. అనగా 2 గంటలు. మొత్తము దూరమును ఒకే వేగముతో భాగించి, 4 గంటలలో చేరుదుమని చెప్పువారు ఇంటివద్దనే ఒక గంట పోగొట్టుకొనుచున్నారు. ఆ గంట అడవిలో చీకటియై ఎదురుపడును.

ఈ దారిని ముందుగా ఆలోచించినవారు నేటివారు కారు. 14వ శతాబ్దమున రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబలమునకును మెట్లు కట్టించెను. ఆ వంశమువారి రాజధాని తరువాత పేటకు సమీపముననే యున్న కొండవీటికి మారినది. అనవేమారెడ్డి శ్రీశైల దేవాలయమున వీరశిరోమండపమును నిర్మింపజేసెను. 1515లో కొండవీటి దుర్గమును జయించిన శ్రీకృష్ణదేవరాయలు, ఆ దండయాత్ర ముగించి అమరావతిని, శ్రీశైలమును సేవించెను. అప్పటి బాట ఇప్పటి రోడ్డు కాదు. అడవిలో నడచి, కొండలెక్కి పోవలసినదే. అందుచేత మెట్లు కట్టించుట అలంకారము కాదు, ప్రాణరక్షణమే.

ప్రయాణమునకు ముందు ఏమేమి తెలిసికొనవలెనో ఏనుగుల వీరాస్వామయ్య వ్రాసిన కాశీయాత్రచరిత్రను చూచిన తెలియును. ఆయన 1830 మే 18వ తేదీన మద్రాసునుండి బయలుదేరి, ఆత్మకూరు దిక్కునుండి శ్రీశైలము చేరి, పిదప కాశి వరకు పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఏ మజిలీలో నీరు మంచిది, ఎచట అంగళ్ళు కలవు, ఎచట దిగుటకు చోటున్నది, దారి ఇసుకయా రాతినేలయా అను సంగతులను ఆయన ఓపికతో వ్రాసిపెట్టెను. తరువాత పోవువానికి అక్కరకు వచ్చునది ఆ వ్రాతయే. యాత్రకు పోవు విద్యార్థులు కూడ అట్టి చిన్న పుస్తకమొకటి చేతనుంచుకొనిన, మరుసటి యేటివారికి ఉపకరించును.

ఇక కాలనిర్ణయము. వేసవిలో నల్లమల ఆకు రాల్చి యెండును, మైదానమున వడగాలి. వానకాలమున అడవి పచ్చగా నుండును గాని, ఘాటులో రోడ్డు జారును. కృష్ణకు వరద వచ్చి శ్రీశైలపు ఆనకట్ట గేట్లెత్తిన దినములలో చూచువారి బండ్లు బారులు తీరును. శివరాత్రికి రెండు కొండలును జనముతో నిండును. కావున వానలు వెలిసిన పిమ్మట, నవంబరు మొదలు జనవరి వరకు గల కాలము అనుకూలము. జనవరి చివర బయలుదేరువారికి ఒక లాభమున్నది: మిరపకోతలు సాగుచుండును. కళ్ళములలో ఆరబోసిన పండుమిరప దూరమునుండి ఎర్రతివాచి పరచినట్లుండును. దూరదేశమునుండి వచ్చువాడు ఈ దృశ్యమునకే బండి నాపించును. పేటవాడు మాత్రము ఘాటుకు తుమ్ముచు సాగిపోవును. ఆ దినములలో గుంటూరు మిరపయార్డుకు టిక్కీలు నింపుకొనిపోవు లారీలు రోడ్డున ఎదురగుచుండును గనుక, కాలపు లెక్కలో వానికిని కొంత చోటుంచవలెను.

ఉదయము 6 గంటలకు పేట విడిచినచో 6.30కు కోటప్పకొండ. అచట గంటన్నర. నరసరావుపేటలో ఉపాహారము ముగించి 9కి బయలుదేరవచ్చును. ఇచటినుండి సాగరు కుడికాలువ నీరు పారు చేలు కానవచ్చును. ఆ కాలువకు 1967లో నీరు వదలిరి. వినుకొండ రాగానే ఊరిమీద కొండ కనబడును. మహాకవి గుఱ్ఱము జాషువ 1895లో జన్మించినది ఈ ఊరిలోనే. ఈ ప్రాంతమున ప్రవహించు గుండ్లకమ్మ నల్లమలలో పుట్టిన నది. యాత్రికులు అడవి వైపు పోవుచుండగా, అడవిలో పుట్టిన నీరు వారికి ఎదురుగా సముద్రమునకు పోవుచుండును. పటములో ఈ రెండు గీతలను ప్రక్కప్రక్కన చూచుట పిల్లలకు మంచి భూగోళపాఠము.

శ్రీశైలమునకు నాలుగు ద్వారములున్నవని సంప్రదాయము: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. తూర్పు ద్వారము ఈ దారిలోనే తగులును. ఇచట ఒక గంట ఆగుటకు లెక్కలో వీలున్నది. మరికొన్ని గుడులు కూడ చూతమని దారి మళ్ళించుట మాత్రము తగదు. అన్నింటిని చూడబోయినవాడు అడవిని చీకటిలో దాటవలసివచ్చును.

ఈ లెక్కన మధ్యాహ్నము 12.30కు దోర్నాల చేరుదురు. ఇది మూడు దారుల కూడలి: ఒకటి మార్కాపురమునకు, ఒకటి ఆత్మకూరు మీదుగా కర్నూలునకు, ఒకటి శ్రీశైలమునకు. పెట్రోలు, త్రాగునీరు ఇచటనే నింపుకొనవలెను. భోజనము తేలికగా చేయవలెను. నిండుకడుపుతో మలుపులెక్కువాడు తన అవస్థనే గాక తోటివారి అవస్థను కూడ చూడవలసివచ్చును. 1.30కు కదలినచో 3.30కు శ్రీశైలము. డిసెంబరులోనైనను అప్పటికి రెండు గంటల ప్రొద్దుండును.

చక్రము గాలిపోయినను, లారీ అడ్డుపడినను ఆ రెండు గంటలే రక్షణ. సాయంకాలము 4 గంటలు దాటిన పిమ్మట దోర్నాల చేరినచో ఏమి చేయవలెనను ప్రశ్నకు జవాబు బయలుదేరుటకు ముందే నిశ్చయించుకొనవలెను. రాత్రి 9 గంటలకు అటవీశాఖవారు గేటు మూసి ఉదయము 6 గంటలకు తెరతురు. 9 వరకు తెరచియున్నది గదా యని కొందరు ధైర్యము చేయుదురు. గేటు తెరచియుండుట దారి క్షేమమనుటకు గుర్తు కాదు. పిల్లలతో పోవువారు ఆ రాత్రి సమీపమున గల మార్కాపురమున బస చేయుటయే ఉచితము. ఒకప్పుడు బడిపిల్లల పలకలకు పేరెన్నికగన్న ఊరది. ఉదయమున చూచుటకు పలకరాతి గనులున్నవి. యాత్ర చెడినదని చింతింప బనిలేదు.

దోర్నాల దాటగానే నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యము మొదలగును. వైశాల్యమున ఇది దేశములోని పులుల అభయారణ్యములలో మిక్కిలి పెద్దది. పులి కనబడునని ఆశపడి పోరాదు. జింకలు, అడవిపందులు, కోతులు మాత్రము కనబడవచ్చును. కోతులకు అరటిపండ్లు విసరుట దయవలె తోచును. నిజమునకు అది వానిని చంపుటయే. తిండికి మరగిన కోతి అడవి వదలి రోడ్డు చేరును. తల్లి వెంట పిల్లలును చేరును. వెనుక వచ్చు బండి క్రింద పడును. ప్లాస్టిక్ సంచులను మ్రింగిన జింకల గతియు నట్టిదే. తెచ్చిన చెత్తను తిరిగి తీసికొనిపోవుటకు ఒక గోనెసంచి బండిలో నుండవలెను.

ఈ అడవి చెంచులకు నివాసము. వారు మల్లన్నను చెంచు మల్లయ్యగా తలచి తమ వాడనుకొందురు. గూడెములు కనబడినచోట బండి నాపి, అడుగకయే వారి చిత్రములు తీయుట మర్యాద కాదు. తమ ఇంటి ముంగిట అన్యులు అట్లు చేసిన పేటవారు ఊరకుందురా?

ఘాటులో నడపువాని పని వేరు. ఎక్కు బండికి దిగు బండి దారి యియ్యవలెను. ఎత్తున ఆగిన బండి మరల కదలుట కష్టము గనుక ఈ నియమము ఏర్పడినది. దిగునపుడు ఎక్కిన గేరులోనే దిగవలెను. పెట్రోలు కలిసివచ్చునని గేరు తీసివేసి దిగువారు కలరు. అపుడు బరువంతయు బ్రేకులమీద పడి, రాపిడివలన అవి వేడెక్కి, పట్టు వదలును. పట్టు వదలిన తరువాత నేర్చుకొనుటకు వ్యవధి యుండదు. బస్సును మాట్లాడునపుడు బాడుగతో పాటు, నడపువాడు ఈ ఘాటును ఎన్నిసార్లు ఎక్కెనో, ముందు రాత్రి నిద్రించెనో లేదో కూడ అడుగవలెను.

శ్రీశైలమున దేవస్థానము గదులును, సత్రములును కలవు; ముందుగా కుదుర్చుకొనినచో వెదకులాట తప్పును. మిగిలిన ప్రొద్దులో దేవాలయ ప్రాకారముపై చెక్కిన శిల్పములు చూడవచ్చును. పాతాళగంగకు మరునాటి ఉదయమున దిగుట మంచిది. తీగదారిలోను దిగవచ్చును గాని, కాళ్ళలో సత్తువ గల విద్యార్థులు మెట్లమీద దిగిన లోయ యెంత లోతో తెలియును. ఎక్కుటకు దిగినదానికి రెట్టింపు కాలము లెక్కవేసికొనవలెను. 6 గంటలకు దిగి 8కి పైకి వచ్చి, ఫలహారము ముగించి 9కి బయలుదేరినచో, ఘాటు దిగి 11కు దోర్నాల, మధ్యాహ్నము 1.30కు నరసరావుపేట. అచట భోజనముచేసి 3 గంటలకు పేట చేరుదురు.